చలికాలపు రాత్రి భోజనం: చివరి మనిషి తినేదాకా వేడి, రుచి నిలిచే వంటలు ఏమిటి?

ఆదిలాబాద్_కోడలు
మా ఇంట్లో రాత్రి భోజనం మూడు విడతలుగా సాగుతుంది. అత్తగారు, మామగారు ఏడు గంటలకే తింటారు. పిల్లలు ట్యూషన్ ముగించుకొని ఎనిమిదిన్నరకు వస్తారు. మా వారు దుకాణం కట్టేసి వచ్చేసరికి పది దాటుతుంది. వేసవిలో ఇది సమస్యే కాదు. డిసెంబరు వచ్చిందంటే మాత్రం మా జిల్లాలో రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి, కొన్ని రాత్రులు ఐదారు డిగ్రీలు కూడా చూస్తాము. ఏడింటికి వార్చిన అన్నం పదింటికి గింజ గింజగా బిగుసుకుపోతుంది, నేతి పోపు పెట్టిన పప్పు పైన నెయ్యి పేరుకుపోతుంది. విడత విడతకూ వేడి చేస్తే చారు రుచి చస్తుంది, కూర ముద్దవుతుంది. ఒకసారి వండితే చివరివారికి కూడా రుచిగా అందే చలికాలపు వంటలు మీ ఇళ్ళలో ఏమి చేస్తున్నారో, నిన్న రాత్రి ఏమి వండారో చెప్పండి. హాట్ ప్యాక్ కొనమని మాత్రం ఎవరూ చెప్పవద్దు. అవి ఇంట్లో ఉన్నాయి, వాటి మూతకు చెమట పట్టి అన్నం తడిసిపోతోంది.

కృష్ణాతీరం
దీనికి మా వైపు ఒకటే సమాధానం, ఉలవచారు. నిన్న రాత్రి మా ఇంట్లో అదే. అరకిలో ఉలవలను ముందు రోజు రాత్రే నానబెట్టాను. పొద్దున పెద్ద గిన్నెలో నీళ్ళు ధారాళంగా పోసి, గింజ వేళ్ళ మధ్య చితికేదాకా ఉడికించి, కట్టు వడగట్టి పక్కన పెట్టాను. సాయంత్రం ఆ కట్టులో చింతపండు పులుసు, చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయలు, ఉప్పు, కొంచెం కారం వేసి సన్నని సెగ మీద చిక్కబడేదాకా మరగనిచ్చి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టాను. మరిగిన కొద్దీ రుచి పెరిగే వంటకం కనుక, మీ మూడు విడతల్లో ఆఖరున తినేవారికే అసలైన ఉలవచారు దక్కుతుంది. వడ్డించేటప్పుడు పైన ఒక చెంచా మీగడ వేయడం మరచిపోకండి.

రెండో_షిఫ్టు
ఇంట్లో ఆ ఆఖరి విడత మనిషిని నేనే కాబట్టి ఒక మాట చెబుతాను. ఉలవచారు ఎంత పొగలు కక్కుతున్నా, కింద అన్నం చల్లగా ఉంటే రెండో ముద్దకే మొత్తం చల్లారిపోతుంది. ముందు అన్నం సంగతి తేల్చండి.

పిడికెడు_పిండి
ఆయన అన్నది నిజమే, అసలు రాత్రికి అన్నమే ఎందుకు అన్నది నా ప్రశ్న. మాది మహబూబ్‌నగర్ జిల్లా, మా ఇంట్లో చలికాలమంతా రాత్రిపూట జొన్న రొట్టె గాని సజ్జ రొట్టె గాని ఉంటుంది. పిండి డబ్బాలో ఉంటుంది, వచ్చినవారికి వచ్చినప్పుడు రొట్టె చేసి పెనం మీద నుంచి నేరుగా కంచంలోకి వేస్తాము. నిన్న రాత్రి సజ్జ రొట్టెలు, చిక్కుడుకాయ కూర. ఈ నెలల్లో దొరికే లేత చిక్కుడుకాయలను టమాటాతో మగ్గబెట్టి, వేయించి దంచిన నువ్వుల పొడి దించేముందు చల్లితే ఆ కూర కాసేపు ఉన్నా రుచి తగ్గదు, గోరువెచ్చగా తిన్నా బాగుంటుంది. వేడి రొట్టెలో ఉంటే చాలు, కూరలో లేకపోయినా ఫరవాలేదు.

కృష్ణాతీరం
పిండిగారూ, మీరు చెప్పింది వినడానికి హాయిగా ఉంది. కాని రాత్రి పదింటికి పొయ్యి దగ్గర నిలబడి రొట్టె కొట్టేది ఎవరు? ఆ మనిషి పగలంతా పని చేసి ఉండదా?

పిడికెడు_పిండి
ఆ పదింటికి వచ్చిన మనిషే కొట్టుకుంటాడు. మా తమ్ముడు అలాగే చేస్తున్నాడు, చేతులేమీ అరిగిపోలేదు.

రెండో_షిఫ్టు
నా పేరు ఎత్తకుండానే నాకు సమాధానం చెప్పారు. జొన్న రొట్టె నేర్చుకోవడానికి నేను సిద్ధమే. కాని అంచులు పగలకుండా చేయడం ఎలాగో కూడా చెప్పండి, లేకపోతే మా ఇంట్లో రొట్టె ముక్కలు పులుసులో కలుపుకొని తినవలసి వస్తుంది.

పిడికెడు_పిండి
నీళ్ళు మరిగించి పోయడంలోనే అంతా ఉంది. జొన్నలో గోధుమకు ఉన్న జిగురు లేదు, కాబట్టి చల్లని నీళ్ళతో ఎంత పిసికినా పిండి పట్టు కట్టదు. మరిగే నీళ్ళు పోసినప్పుడు పిండి కొంత ఉడికి అదే జిగురవుతుంది. పిండి మధ్యలో గుంట చేసి నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, చేయి పట్టేంత వేడి తగ్గగానే అరచేతి మడమతో బాగా మర్దించండి. ఒక రొట్టెకు సరిపడా పిండి మాత్రమే ఒకసారి మర్దించాలి. మొత్తం ఒకేసారి కలిపి పెట్టుకుంటే ఆఖరి రొట్టె వేళకు పిండి ఆరిపోయి అంచులు చీలుతాయి. పెనం మీద వేశాక పైవైపు తడి చేత్తో నీళ్ళు రాసి, ఆ తడి ఆరగానే తిప్పాలి.

వంటింటి_ప్రయోగశాల
నేను కళాశాలలో ఆహార శాస్త్రం బోధిస్తున్నాను కాబట్టి రెండో_షిఫ్టుగారు లేవనెత్తిన అన్నం సంగతికి వస్తాను. ఉడికేటప్పుడు నీరు పీల్చి ఉబ్బిన పిండి పదార్థం చల్లారుతున్న కొద్దీ తిరిగి బిగుసుకుంటుంది. నీరు గడ్డకట్టే స్థాయికి కొంచెం పైన ఉన్న చలిలో ఈ మార్పు మరింత చురుకుగా జరుగుతుంది, అందుకే ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం అంత గట్టిపడుతుంది. ఆదిలాబాద్ వంటిల్లు డిసెంబరు రాత్రి ఆ ఫ్రిజ్‌కు మరీ దూరంలో లేదు. కొన్ని నీళ్ళు చిలకరించి, మూత పెట్టి, ఆవిరి మీద బాగా వేడెక్కిస్తే అన్నం చాలావరకు మెత్తబడుతుంది. పొడిగా పెనం మీద వేయిస్తే మెత్తబడదు.

హాట్ ప్యాక్ విషయంలో తప్పు డబ్బాది కాదు. పొయ్యి మీద నుంచి దించిన అన్నాన్ని అలాగే నింపి బిగిస్తే ఆ ఆవిరంతా మూతకు తగిలి నీరై కిందికి జారుతుంది. ముందుగా డబ్బాలో వేడి నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోయండి. అన్నాన్ని వెడల్పుగా కదిపి ఆవిరి కొంత పోనిచ్చి, పైన పొడి నూలు గుడ్డ పరచి అప్పుడు మూత పెట్టండి. చారు విషయానికి వస్తే, మరిగించిన ప్రతిసారీ ఇంగువ, జీలకర్ర, కొత్తిమీరల పరిమళం ఆవిరితో పోతుంది. చారు కట్టును మాత్రమే వేడిగా ఉంచుకొని, పోపు, మిరియాల పొడి ఏ విడతకు ఆ విడతకు వేసుకోవడం మేలు.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. వండినది వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలి, లేదా రెండు గంటలలోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. చలికాలం కదా అని గోరువెచ్చని అన్నాన్ని గంటల తరబడి గట్టు మీద వదిలితే అందులో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి వదిలే విషం తిరిగి వేడి చేసినా విరగదు.

ఆదిలాబాద్_కోడలు
గుడ్డ పరచే ఉపాయం ఈ రాత్రే చూస్తాను. ఉలవచారు మా ఇంట్లో ఎవరూ వండలేదు, మా మామగారు ఉలవలు ఎద్దులకు పెట్టేవి అంటారు. ఒక సందేహం ఉంది. గిన్నెలో అంతసేపు ఉడికిస్తే సిలిండర్ మాటేమిటి? కుక్కర్‌లో చేస్తే కాదా?

కృష్ణాతీరం
ఎద్దులకు పెట్టేది కట్టు వడగట్టాక మిగిలిన గింజలను. కట్టును మనుషులు తాగి, గింజలను పశువులకు పెట్టడం మా ఊళ్ళలో పాత ఏర్పాటే. మీ మామగారికి ఆ మాట నా తరఫున విన్నవించండి. కుక్కర్ మాత్రం వద్దు. ఆ రంగు, ఆ చిక్కదనం రావు. మా నాయనమ్మ పిడకల దాలి (పిడకలు సన్నగా రాజుకునే గుంట) మీద కుండ పెట్టి రాత్రంతా వదిలేది.

టొరంటో_తాలింపు
కృష్ణాతీరంగారూ, మీ దాలికి నా నమస్కారాలు, కాని బయట మైనస్ పదిహేను ఉన్నప్పుడు అపార్ట్‌మెంట్ పన్నెండో అంతస్తులో పిడకలు కాల్చడం కుదరదు. నేను ఉలవలను కుక్కర్‌లోనే ఉడికిస్తాను. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీళ్ళు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి కాబట్టి గింజ త్వరగా చితుకుతుంది. అందులో నీళ్ళు తక్కువ పడతాయి, కట్టు తక్కువ వస్తుందన్నది నిజమే. అందుకని ఉడికిన గింజలలో మళ్ళీ వేడి నీళ్ళు పోసి, గుప్పెడు గింజలను మిక్సీలో వేసి ఆ పలుకును కూడా కట్టులో కలుపుతాను. చిక్కదనానికి లోటుండదు. చింతపండు మాత్రం గింజ ఉడికిన తరువాతనే వేయాలి, పులుపు తగిలితే గింజ మెత్తబడదు. ఆ తరువాత ఎలక్ట్రిక్ కుక్కర్‌ను వెచ్చగా ఉంచే మీట మీద పెట్టి వదిలేస్తే, ఇంట్లో ఎవరు ఎప్పుడు వచ్చినా చారు వేడిగానే ఉంటుంది.

కృష్ణాతీరం
మిక్సీలో గింజలు వేసి కలిపితే అది ఉలవ పప్పుచారు అవుతుంది. మీరు హాయిగా తినండి, నేను అభ్యంతరం చెప్పను, ఆ పేరుతో పిలవవద్దని మాత్రమే కోరుతున్నాను.

మెల్‌బోర్న్_మిరియం
ఇక్కడ ఈ రోజు ముప్పై ఎనిమిది డిగ్రీలు. నిన్న రాత్రి మేము పెరుగన్నం, దోసకాయ ముక్కలు తిన్నాము. ఈ చర్చను భద్రపరచుకొని జూన్ నెలలో చదువుకుంటాను.

పిడికెడు_పిండి
జూన్‌లో మీరు ఉలవచారు కాచుకుంటూ ఉంటే మేము కొత్త ఆవకాయ ముందు కూర్చొని ఉంటాము. ఎవరి అదృష్టం వారిది.

రాగిముద్ద_మదనపల్లె
ఇంతమంది మాట్లాడి ఒక్కరూ అనపకాయల పేరు ఎత్తకపోవడం అన్యాయం. మా చిత్తూరు వైపు చలికాలపు రాత్రి భోజనం అంటే పితికిపప్పు. అనపకాయలు ఒలిచి, ముదురు గింజలను నీళ్ళలో నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ళ మధ్య పట్టి నొక్కితే పైతోలు ఊడి పచ్చని పప్పు జారి పడుతుంది. ఆ పప్పును ఉర్లగడ్డ, వంకాయలతో కలిపి ఉడికించి, కొబ్బరి, ధనియాలు, గసగసాలు, అల్లం, వెల్లుల్లి, లవంగం, చెక్క నూరిన మసాలా వేసి పులుసు చేస్తాము. మాంసం తినే ఇళ్ళలో మటన్ ముక్కలు వేసి కూడా చేస్తారు. నిన్న రాత్రి మా ఇంట్లో పితికిపప్పు పులుసు, రాగి సంగటి. పులుసు రాత్రి కంటే మరునాడు దోసెలోకి ఇంకా బాగుంటుంది కాబట్టి వేడి చేసినందువల్ల చెడేది ఏమీ లేదు.

సంగటి సంగతి మాత్రం వేరు. పలుచగా, మెత్తగా ఉడికిన నూకల అన్నంలో రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా మూత పెట్టి మగ్గనిచ్చి, ఆ తరువాత సంగటి కట్టెతో ఉండలు లేకుండా గెలికి ముద్దలు చేయాలి. వేడిగా ఉన్నంతసేపే అది సంగటి. పదింటికి వచ్చేవారికి అందులో నుంచి ముద్ద తీసిపెట్టడం కంటే, నూకల అన్నం సిద్ధంగా ఉంచి, వారు కాళ్ళు కడుక్కునేలోగా పిండి వేసి గెలకడమే మంచిది.

రెండో_షిఫ్టు
కాళ్ళు కడుక్కునేలోగా సంగటి అయ్యేది మీ ఇంట్లోనేనేమో. మా ఇంట్లో వేడి నీళ్ళు కాగడానికే పావుగంట పడుతుంది.

ఆదిలాబాద్_కోడలు
పితికిపప్పుకు గింజలు ఒక్కొక్కటిగా నొక్కాలంటే సాయంత్రం అంతా దానికే పోదా?

రాగిముద్ద_మదనపల్లె
అందుకే అది ఒక్కరు చేసే పని కాదు. మీ అత్తగారు, మామగారు ఏడింటికే భోజనం ముగిస్తారు కదా, వారి ముందు పళ్ళెం పెట్టండి. టీవీ చూస్తూ మా ఇంట్లో ముసలివారంతా చేసే పని అదే. పిల్లలకు మాత్రం ఇవ్వవద్దు, గింజలను ఒకరి మీద ఒకరు చిమ్ముకుంటారు. మా సంతలలో జనవరిలో పితికిన పప్పే అమ్ముతారు. మీ వైపు దొరుకుతుందో లేదో చూడండి.

ధనుర్మాసపు_దీపం
ధనుర్మాసం మొదలైంది. భోగి దాకా మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి ఉండవు, మాంసం అసలే ఉండదు. పైన చెప్పిన వాటిలో సగం నాకు పనికిరావు. నిన్న రాత్రి కట్టెపొంగలి చేశాను. బియ్యం, పెసరపప్పు సమానంగా తీసుకొని మెత్తగా ఉడికించి, నేతిలో మిరియాలు, జీలకర్ర, అల్లం, ఇంగువ, జీడిపప్పు వేయించి కలిపాను. చల్లారితే గట్టిపడుతుంది కాని, వేడి నీళ్ళు పోసి కలిపితే నిమిషంలో మామూలు స్థితికి వస్తుంది. ఉల్లి లేకుండా, నిలవ ఉన్న కొద్దీ బాగుండే పులుసు ఏదైనా ఉంటే చెప్పండి.

కోనసీమ_కంద
ముక్కల పులుసు ఉండగా విచారం ఎందుకు? ఈ రోజులలో గుమ్మడికాయ, చిలగడదుంప, ములక్కాడ, ఆనపకాయ (సొరకాయ) అన్నీ దొరుకుతాయి. పెద్ద ముక్కలుగా తరిగి ఉడికించి, చింతపండు పులుసు, బెల్లం, పసుపు, ఉప్పు వేసి మరిగించి, కొద్దిగా బియ్యపు పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ముక్కకు పులుసు పట్టడానికి గంటలు పడుతుంది కనుక పదింటికి తినేవారికే ఇది రుచి. ముక్కలు మరీ చిన్నవిగా తరిగితే వేడి చేసినప్పుడల్లా కరిగిపోతాయి, గుమ్మడికాయ ముందుగా కరుగుతుంది.

కంద బచ్చలి కూర కూడా చలికాలానికి గొప్ప వంటకమే కాని దానికి ఆవపెట్టాలి. నూరిన ఆవముద్దను పొయ్యి ఆర్పిన తరువాత కలపాలి, మళ్ళీ వేడి చేస్తే చేదు తిరుగుతుంది. విడతలుగా తినే ఇంటికి ఆ కూర పగటి పూటకే పరిమితం.

నేను చెప్పదలచిన అసలు వంటకం మినపరొట్టె. చలికి పిండి పులవడం లేదని ప్రతి ఇంట్లో ఫిర్యాదు ఉంటుంది. దీనికి పులవవలసిన పనే లేదు. మినపప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి, కడిగి నానబెట్టిన బియ్యపు నూక కలపాలి. మందపాటి మూకుడులో నూనె వేసి, పిండి అంగుళం మందాన పరచి, మూత పెట్టి, సెగ బాగా తగ్గించి వదిలేస్తే ఇరవై నిమిషాలలో అడుగు ఎర్రగా, లోపల మెత్తగా తయారవుతుంది. మధ్యలో నిలబడి చూసుకోవలసిన పని లేదు కనుక పైన కృష్ణాతీరంగారు అడిగిన ప్రశ్నకు ఇది కూడా ఒక జవాబే. అల్లం పచ్చడితో కొందరు, బెల్లం పాకంతో కొందరు తింటారు.

హనుమకొండ_వంటిల్లు
మినపరొట్టెకు మా సర్వపిండి తోబుట్టువు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లి కాడలు, కారం వేసి గట్టిగా కలిపి, గిన్నె లోపల నూనె రాసి అంటించి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి మూత పెట్టి కాల్చాలి. సొరకాయ తురుము వేస్తే మరింత మెత్తగా వస్తుంది, నిన్న రాత్రి అలాగే చేశాను. వేడి గిన్నెకు పిండి అంటించలేము కాబట్టి రెండు గిన్నెలు పెట్టుకొని, ఒకటి కాలుతుండగా రెండవదాన్ని నీళ్ళతో చల్లార్చుకోవాలి. దీనిలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, చల్లారినా అంచులు కరకరలాడుతూనే ఉంటాయి. ఈ చర్చలో వచ్చిన వంటలలో అసలు వేడి చేయవలసిన అవసరమే లేనిది ఇదొక్కటే అని నా వాదన.

కృష్ణాతీరం
చల్లని సర్వపిండి మంచిదే, మా అల్లుడు వరంగల్ నుంచి తెచ్చినప్పుడు తిన్నాను. కాని ఐదు డిగ్రీల చలిలో ఇంటికి వచ్చిన మనిషికి చల్లని పలహారం పెట్టి పంపుతారా? చలికాలపు భోజనంలో గొంతు దిగేటప్పుడు వేడి తెలియాలి.

హనుమకొండ_వంటిల్లు
దానికి తోడుగా మిరియాల చారు ఒక గ్లాసు ఇవ్వండి. ప్రయోగశాలగారు చెప్పినట్లు కట్టు వేడిగా ఉంచి, మిరియాలు, జీలకర్ర అప్పటికప్పుడు దంచి పోపు పెడితే రెండు నిమిషాల పని.

వంటింటి_ప్రయోగశాల
ఆ జోడీని నేను సమర్థిస్తాను. పోర్చుగీసువారి ద్వారా అమెరికా ఖండాల నుంచి మిరపకాయ మన దేశానికి రాక ముందు మన వంటలలో కారమంతా మిరియాలు, పిప్పళ్ళు, అల్లం వంటి వాటిదే. ఆ పాత పద్ధతి మిరియాల చారులో, కట్టెపొంగలిలో ఇంకా బతికి ఉంది. మిరియాలను ముందుగా పొడి చేసి డబ్బాలో దాచకండి, దంచిన నాటి ఘాటు వారానికి ఉండదు.

ధనుర్మాసపు_దీపం
ముక్కల పులుసు ఈ రాత్రే చేశాను. బెల్లం ఒక పిసరు ఎక్కువైందని మా అత్తగారు అన్నారు, ఆవిడ రెండోసారి పోయించుకుంటూ ఆ మాట అన్నారు కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఆదిలాబాద్_కోడలు
నేను రెండు పద్ధతులు కలిపాను. ఏడింటికి పెద్దవారికి వేడి అన్నం, మెంతికూర పప్పు పెట్టాను. మిగిలిన అన్నాన్ని గుడ్డ పరచి హాట్ ప్యాక్‌లో ఉంచితే ఎనిమిదిన్నరకు పిల్లలకు పొడిపొడిగా, వేడిగా అందింది. మా వారికి మాత్రం సజ్జ పిండి, మరిగే నీళ్ళు చూపించి, ఈ చర్చలోని పిడికెడు_పిండిగారి సమాధానం చదివి వినిపించాను. మొదటి రొట్టె ఏ దేశపు పటమో చెప్పలేము. మూడవది గుండ్రంగానే వచ్చింది. ఇక ఆయన అడిగిన ప్రశ్న ఇది: పిండి కొంచెం చేదుగా ఉంది, పిండిదా, చేతిదా?

పిడికెడు_పిండి
పిండిదే, ఆయన చేతిని నిందించకండి. సజ్జలలో కొవ్వు ఎక్కువ, పిండి పట్టించిన కొద్ది రోజులకే అది ముక్కిపోయి చేదెక్కుతుంది. దుకాణంలో సంచిలో వచ్చే పిండి ఎప్పుడు పట్టించినదో తెలియదు. సజ్జలు కొని, వారానికి సరిపడా మాత్రమే మరలో పట్టించి, గాలి తగలని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచండి. కలిపేటప్పుడు గుప్పెడు నువ్వులు వేస్తే భోగి రొట్టె కూడా నేర్చుకున్నట్లే అవుతుంది.

రెండో_షిఫ్టు
సజ్జ రొట్టెకు కూడా మరిగే నీళ్ళేనా, లేక జొన్నకే ఆ నియమమా?

పిడికెడు_పిండి
రెండింటికీ మరిగే నీళ్ళే. సజ్జ పిండి కొంచెం తక్కువ నీళ్ళు పడుతుంది, అందుకని ఒకేసారి కుమ్మరించకుండా ఆగి ఆగి పోయండి.